200 గజాల ప్లాట్, ఎల్లుండికే బయానా (అడ్వాన్స్) అంటున్నరు - ఇచ్చేయాల్నా, ఇంకేమన్న చూడాల్నా?

కేయూక్రాస్_పోరడు | సోమవారం రాత్రి 9:12

అందరికి నమస్తే. ఫస్ట్ టైం పోస్ట్ పెడ్తున్న, తప్పులుంటే ఏమనుకోకుండ్రి. హన్మకొండల ప్రైవేట్ జాబ్ నాది, కిరాయికుంటున్నం. భీమారం దాటినంక లోపటికి ఒక ప్లాట్ చూసిన, 200 గజాలు, 30 బై 60, తూర్పు ఫేసింగు, గజం 14 వేలు అంటే 28 లక్షలు. ఒకాయన పేరు మీద 2004ల రిజిస్ట్రేషన్ అయింది, ఆయన కరోనా సెకండ్ వేవ్‌ల పోయిండు, ఇప్పుడు పెద్దకొడుకు అమ్ముతుండు, చిన్నకొడుకు దుబాయ్‌ల ఉంటడు, జీపీఏ (తన తరఫున సంతకం పెట్టే అధికార పత్రం) పంపిండంట. మధ్యవర్తి మా మేనమామకు తెల్సినాయనే. ఎల్లుండి లోపల 5 లక్షల బయానా ఇయ్యకపోతే వేరే పార్టీ రెడీగ ఉన్నరని ఫోన్ల మీద ఫోన్లు. ఇప్పటికే పదివేలు ఫోన్‌పే కొట్టిన. ఇంకోటి, డాక్యుమెంట్ల 12 లక్షలే రాపిద్దాం మిగిలింది క్యాష్ ఇయ్యి నీకే ఖర్చు తక్కువ అంటున్నడు. ఈసీ (ప్లాటు మీద రిజిస్టర్ అయిన లావాదేవీల కాగితం) తీసిచ్చిండ్రు, క్లియర్ ఉంది. మా ఆవిడ ముహూర్తం కూడా అడిగేసింది. ఏం జెయ్యాలె?

కాజీపేట_జంక్షన్ | సోమవారం రాత్రి 9:20

ఆ "వేరే పార్టీ"ని నేను 2011 నుంచి చూద్దామనుకుంటున్న అన్నా, ప్రతి ప్లాటు దగ్గర రెడీగ ఉంటడు, ఒక్కసారి గూడ కనవడలే 😀

నల్లకోటు | సోమవారం రాత్రి 9:41

కోర్టుల ఇట్లాంటి ఫైళ్లు రోజూ చూస్త గాబట్టి అడుగుతున్న. చనిపోయినాయనకు భార్య ఉందా? ఆడపిల్లలు ఉన్నరా? వీలునామా ఏమన్న రాసిండా? పెద్దకొడుకు అమ్ముతుండు అంటున్నవు గానీ ఆయన పేరు మీద ప్లాటు లేదు కదా, ఏ కాగితం పట్టుకొని అమ్ముతుండు? ఇవి తెలిసేదాక ఒక్క రూపాయి ఇయ్యకు. 12 లక్షల సంగతి తర్వాత మాట్లాడుకుందాం, అది ఇంకో పంచాయితీ.

కేయూక్రాస్_పోరడు | సోమవారం రాత్రి 9:58

వీలునామా లేదంట సార్. భార్య ఉంది, కొడుకు దగ్గర్నే ఉంటది. ఒక బిడ్డ ఉంది, హుజూరాబాద్ ఇచ్చిండ్రు, పెండ్లై ఇరవై ఏండ్లు దాటింది. కట్నం ఇచ్చి పంపినం, ఆమెకేం సంబంధం లేదు, అవసరమైతే ఒక చీర పెట్టి సంతకం తీస్కుంటం అన్నడు మధ్యవర్తి.

సైట్‌విజిట్_అన్న | సోమవారం రాత్రి 10:05

నేను ఈ ఫీల్డులనే ఉన్న పదేండ్ల నుంచి. వకీలు సార్లు భయపెడ్తరు గానీ ఇక్కడ సగం ప్లాట్లు గిట్లనే అమ్ముడువోతయి తమ్మీ. 1985 ముందు పెండ్లైన ఆడబిడ్డలకు హక్కు లేదని ఎన్టీఆర్ టైం చట్టంల్నే ఉంది, ఈమెది ఎప్పుడైందో చూస్కో. మంచి ప్లాటు, ఎక్కువ ఆలోచిస్తే పోతది.

నల్లకోటు | సోమవారం రాత్రి 10:32

అన్నా, సగం తెల్సిన చట్టంతోనే మా దగ్గరికి కేసులు వస్తయి. ఆ 1985ది ఉమ్మడి కుటుంబ ఆస్తి సంగతి, అప్పటికి పెండ్లి కాని బిడ్డలకు కొడుకులతో సమానంగ వాటా ఇచ్చింది మన రాష్ట్రం. తర్వాత 2005ల కేంద్రమే హిందూ వారసత్వ చట్టం మార్చింది, 2020ల వినీతా శర్మ కేసుల సుప్రీంకోర్టు ఇంకా స్పష్టంగ చెప్పింది, తండ్రి ఎప్పుడు పోయిండన్నదానితో పనిలేదు, బిడ్డకు పుట్టుకతోనే హక్కని. కానీ ఈ ప్లాటుకు అదంతా అక్కరనే లేదు. ఇది ఆయన సొంత పైసలతో 2004ల కొన్నది. సొంత ఆస్తి, వీలునామా లేకుంట పోతే 1956 చట్టం సెక్షన్ 8 ప్రకారం క్లాస్ వన్, అంటే మొదటి వరుస వారసులందరికి సమానం. పెండ్లైందా కాలేదా, కట్నం ఎంత ఇచ్చిండ్రు, ఎవ్వలు అడగరు.

మానేరు_ఒడ్డు | సోమవారం రాత్రి 11:03

చీర పెట్టి సంతకం అన్న మాట చదివి నిద్ర పట్టలే. మా నాన్న పోయిన మూడు నెలలకు మా అన్న కారుల తోల్కపోయి "అమ్మ పింఛను కాగితం" అని పెట్టించుకున్నడు, అది హక్కు విడుదల దస్తావేజు, నా వాటా నేను వదులుకున్నట్టు కాగితం అని నాకు రెండేండ్లకు తెల్సింది. రిజిస్టర్ ఆఫీసుల ఫోటో దిగిన, వేలిముద్ర పెట్టిన, ఎవ్వలు చదివి వినిపించలే, నేనూ అడగలే. అన్నను కోర్టుకు ఈడ్వలేక ఊకున్న. తమ్మీ, నువ్వు ఆ హుజూరాబాద్ అక్కతోని ఒకసారి నువ్వే స్వయంగ మాట్లాడు, మధ్యల ఎవ్వలు లేకుంట.

పహాణీ_తాత | మంగళవారం ఉదయం 5:47

రెవెన్యూల 31 ఏండ్లు జేసి దిగిన. వకీలు సారు మంచిగ చెప్పిండు గానీ ఒకటి మర్చిపోయిండు. చనిపోయినాయన తల్లి బతికుందా?

నల్లకోటు | మంగళవారం ఉదయం 7:15

తాతా, దండం. నిజమే, రాత్రి నిద్రమత్తుల రాయలే. తల్లి క్లాస్ వన్ వారసురాలు. తండ్రి కాదు, తల్లి మాత్రం అవుతది. భార్య, కొడుకులు, బిడ్డలు, తల్లి, అందరికి తలో వాటా. చాలామంది లీగల్ ఒపీనియన్లల్ల గూడ ఇది తప్పిపోతది, ఎందుకంటే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ల కొడుకు ఇంట్ల ఉన్నోళ్ల పేర్లే రాయిస్తరు, ముసలమ్మ ఊర్లె ఉంటది, ఎవ్వలకు యాదికి రాదు.

పహాణీ_తాత | మంగళవారం ఉదయం 7:40

అంతే. కొడుకు ముందుగాల పోయి తల్లి తర్వాత పోయిందనుకో, ఇంకా గమ్మత్తు. ఆమెకు వచ్చిన వాటా ఆమె మిగిలిన కొడుకులు బిడ్డలకు పోతది, అంటే వీళ్ల చిన్నాయిన్లు మేనత్తలు గూడ మీ దస్తావేజులకు వస్తరు. అట్ల ఒక ప్లాటుకు పదిహేడు సంతకాలు అయినయి నా కండ్ల ముందట. ఎంక్వైరీ జెయ్యి బిడ్డా, మధ్యవర్తిని గాదు, వాళ్ల ఊర్లె అడుగు.

లోన్_టేబుల్ | మంగళవారం మధ్యాహ్నం 1:26

లంచ్ టైంల రాస్తున్న, బ్యాంకుల పనిచేస్త. ఈసీ క్లియర్ అంటే అంతా క్లియర్ అనుకుంటరు జనాలు. ఈసీల కనపడేది రిజిస్టర్ అయిన కాగితాలే. ఒరిజినల్ డాక్యుమెంట్ బ్యాంకుల పెట్టి లోన్ తీస్కుంటే, ఆ తాకట్టు కాగితం (మెమోరాండం) రిజిస్టర్ చెయ్యకపోతే ఈసీల రాదు, దానికి సెర్సాయ్ అని తాకట్టుల వివరాలుండే వేరే సైటుంది, ఆడ వెతకాలె. వాళ్లు ఇదివరకే ఎవరికైనా తెల్లకాగితం మీద అగ్రిమెంట్ రాసిచ్చి బయానా తీస్కుంటే అది రాదు. కోర్టుల దావా నడుస్తుంటే సాధారణంగ అదీ రాదు, దావా నడుస్తుండంగ కొన్నోడు మాత్రం ఆ తీర్పుకే కట్టుబడాలె. అందుకే ఒరిజినల్ చూపియ్యమను, జిరాక్స్ గాదు, కలర్ జిరాక్స్ అస్సలే గాదు. ఒరిజినల్ పోయిందంటే అక్కడ్నే ఆగు.

ఇంకోటి వాళ్లిచ్చిన ఈసీ చూసి సంబురపడకు, నువ్వే తీయి. రిజిస్ట్రేషన్ శాఖ సైటుల లాగిన్ అయితే 1983 నుంచి చూస్కోవచ్చు. డాక్యుమెంట్ నంబర్‌తో ఒకసారి, సర్వే నంబరు ప్లాట్ నంబర్‌తో ఇంకోసారి. 2004 కాగితాల వరంగల్ జిల్లా అని ఉంటది, 2021ల మనది హన్మకొండ జిల్లా అయింది, పేరు మారిందని కంగారు పడకు, పాత ఆఫీసు పేరుతోని గూడ వెతుకు.

జగిత్యాల_టు_దమ్మాం | మంగళవారం రాత్రి 8:50

గల్ఫ్ జీపీఏ అన్నరు గాబట్టి నేను చెప్త. నేనూ గిట్లనే మా తమ్మునికి పంపిన. ఆడ ఇండియన్ కాన్సులేట్‌కు పోయి ఆఫీసర్ ముందట సంతకం పెట్టాలె, వాళ్లు సీలేస్తరు. అది ఇండియాకు వచ్చినంక 3 నెలల లోపల జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంప్ డ్యూటీ కట్టి ముద్ర ఏపిస్తేనే పనికొస్తది, ఊకె కొరియర్ కవర్ల నుంచి తీసి చూపిస్తే చెల్లదు. దాంట్ల "అమ్మే అధికారం" అని ఈ ప్లాటు నంబరుతో సహా రాసి ఉందా చదువు, కొందరు కోర్టు పనులకు అని రాయిస్తరు, దాంతోని అమ్మరాదు. రిజిస్ట్రేషన్ రోజు దుబాయ్ ఆయనకు వీడియో కాల్ చెయ్యి, జీపీఏ ఇచ్చినోడు బతికుంటేనే అది నడుస్తది. 

మాది వేరే దుఃఖం. మా బాపు 1998ల ఎకరం పది గుంటలు తెల్లకాగితం మీద కొన్నడు, సాదాబైనామా. అప్పుడు మాటంటే మాటే. ఇప్పుడు అమ్మినాయన కొడుకులు "మా నాయిన అమ్మనే లేదు, కౌలుకిచ్చిండు" అంటున్నరు. 2020ల అప్లికేషన్ పెట్టినం, భూమి రికార్డుల సైటు ధరణి పోయి భూభారతి వచ్చింది, ఫైలు ఇంకా తిరుగుతనే ఉంది. పాతికేండ్లకు పైబడ్డ కాస్తు (సాగు) మాది, పట్టా వాళ్లది.

కాజీపేట_జంక్షన్ | మంగళవారం రాత్రి 9:02

అందుకే నేను కిరాయికుంటున్న.

సైట్‌విజిట్_అన్న | మంగళవారం రాత్రి 9:30

సరే సంతకాల సంగతి ఒప్పుకుంటున్న. మరి వైట్ బ్లాక్ సంగతి చెప్పుండ్రి సార్లు, 28 మొత్తం రాపిస్తే పాపం పిల్లగాడు ఖర్చులకే మునిగిపోతడు.

నల్లకోటు | మంగళవారం రాత్రి 10:11

లెక్కేద్దాం. మన దగ్గర 2021 జూలై నుంచి మొత్తం ఏడున్నర శాతం, స్టాంప్ డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5. సర్కారు వాల్యూ, మీ రేటు, రెంట్ల ఏది ఎక్కువైతే దాని మీద. 28 లక్షలకు 2 లక్షల 10 వేలు. 12 లక్షలకు 90 వేలు. అంటే మిగిలేది లక్షా 20 వేలు. దానికోసం 16 లక్షలు రసీదు లేకుంట ఎవరి చేతిల పెడ్తున్నవు? రేపు ఏదన్న తేడా వచ్చి పైసలు వాపస్ అడిగితే కోర్టు దస్తావేజుల రాసిన 12 లక్షలే చూస్తది. స్థిరాస్తికి 20 వేలు, ఆపైన క్యాష్ తీస్కోవద్దని ఇన్‌కంటాక్స్ చట్టం, తీస్కున్నోడు అంతే మొత్తం పెనాల్టీ కట్టాల్సి వస్తది, ఈ ముక్క అమ్మేటాయనకు చెప్పు, ఆయనే బ్లాక్ వద్దంటడు. నువ్వు రేపు అమ్మేటప్పుడు 12కే కొన్నట్టు లెక్క, లాభం ఎక్కువ కనవడ్తది, ట్యాక్స్ నీకే.

లోన్_టేబుల్ | మంగళవారం రాత్రి 10:25

లోన్ గూడ డాక్యుమెంట్ వాల్యూ, మా వాల్యుయర్ రాసింది, రెంట్ల తక్కువ దాని మీదే ఇస్తం. 12 రాపిచ్చి 18 లోన్ అడిగితే మేం చాయ్ మాత్రమే ఇస్తం.

పహాణీ_తాత | బుధవారం ఉదయం 5:30

భూమి సంగతి ఎవ్వలు మాట్లాడ్తలేరు, అందరు మనుషుల సంగతే. ఆ లేఅవుట్ సర్వే నంబర్ పట్టుకొని నిషేధిత జాబితా చూడు, 22-ఏ అంటరు, సైటుల ఉంటది. లావణి పట్టానా, శిఖమా (చెరువు నేల), ఇనామా (రాజుల కాలంల ఇనాంగ ఇచ్చిన భూమి), దేవుని మాన్యమా, వక్ఫా. లావణి అంటే సర్కారు పేదోళ్లకు ఇచ్చింది, 1977 చట్టం ప్రకారం అమ్మరాదు కొనరాదు, ఎన్ని చేతులు మారినా సర్కారుదే. మన ఓరుగల్లు చుట్టు ఎటు చూసినా చెరువులే, కాకతీయులు తవ్విచ్చి పోయిండ్రు, మనం ప్లాట్లు కొట్టినం. ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దు) లోపల ఉందా, పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువైతే ఆ హద్దు నుంచి 30 మీటర్ల బఫర్‌ల ఉందా కనుక్కో. వానాకాలం పోయి చూస్తే ఏ ఆఫీసు చెప్పని నిజం నీళ్లే చెప్తయి.

లేఅవుట్ జేసినాయన జీపీఏ మీద అమ్మిండా? అయితే 2004ల మీ ప్లాటు అమ్మిన రోజు అసలు పట్టాదారు బతికే ఉన్నడా అడుగు. లింక్ డాక్యుమెంట్లు (ఇదివరకు చేతులు మారిన కాగితాలు) కనీసం 30 ఏండ్లవి చూడాలె, పాత పహాణీలు (ఏటేటా రాసే భూమి రికార్డులు) తీయించు, ఓపికుంటే 1954-55 ఖాస్రా పహాణీ దాక పో. ఆఖరుది, టేపు పట్టుకొని పో. చెక్కుబంది (నాలుగు దిక్కుల హద్దులు) కాగితం మీద ఉన్నట్టే నేల మీద ఉందా కొలువు. ఇది ఎవ్వలు జెయ్యరు.

కేయూక్రాస్_పోరడు | బుధవారం రాత్రి 11:40

అందరికి థ్యాంక్స్, తాతకు స్పెషల్. బయానా గడువు ఇయ్యాల్టితో అయిపోయింది, నేను ఇయ్యలే. వేరే పార్టీ ఏమైంది అని అడిగితే "వాళ్లకు వాస్తు కుదరలే" అన్నడు 😀

వాళ్ల నాయనమ్మ, అంటే చనిపోయినాయన తల్లి ఉంది! పరకాలల తన చిన్నకొడుకు దగ్గర ఉంటది, 80 దాటినయంట. ప్లాటు అమ్మే పెద్దకొడుక్కు గూడ తెల్వదు ఆమెకు వాటా ఉందని, నేను చెప్తే నవ్విండు, వకీలు దగ్గరికి తోల్కపోయినంక నవ్వలే. హుజూరాబాద్ అక్కకు ఫోన్ జేసిన, ప్లాటు అమ్ముతున్నట్టే తెల్వదు ఆమెకు. కొంచెం సేపు ఏం మాట్లాడలే. తర్వాత "మా నాయిన కొన్నప్పుడు నేనూ పోయిన చూడనీకి, అప్పుడు అంత పత్తి చేను" అన్నది.

మానేరు_ఒడ్డు | గురువారం ఉదయం 6:55

ఫోన్ జేసినందుకు నీకు పుణ్యం ఉంటది తమ్మీ.

కేయూక్రాస్_పోరడు | మూడు వారాల తర్వాత, శనివారం రాత్రి 8:15

అప్‌డేట్ ఇయ్యాలె కదా, చాలామంది మెసేజ్ పెడ్తున్నరు.

టేపు పట్టుకొని పోయినం, నేను మా బామ్మర్ది. ముందట 30 కరెక్టే. లోపటికి 60 ఉండాలె, 55 అడుగులే వచ్చింది. ఎనక ప్లాటాయన ఎప్పుడో కంపౌండ్ వాల్ ఐదడుగులు ముందుకు జరిపి కట్టిండు, చనిపోయినాయనకు గూడ తెల్సో తెల్వదో. అంటే 183 గజాలే, పదహారు గజాల చిల్లర, అసలు లేని నేలకు నేను రెండు లక్షల 30 వేలు కట్టేటోన్ని. గోడ పంచాయితీ మీరు తెంపుతరా, 183కే పైసలు తీస్కుంటరా అంటే వారం రోజులు అలిగిండ్రు, ఆఖరుకు 183 అన్నరు. 25 లక్షల 62 వేలు. దస్తావేజుల నేల మీద ఉన్న కొలతే రాపిచ్చినం.

ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్ ప్లాట్లను రెగ్యులరైజ్ చేసే స్కీము) అప్లికేషన్ చనిపోయినాయన తను బతికున్నప్పుడే 2020ల వెయ్యి కట్టి పెట్టిండు, ఫీజు 2025ల 25 శాతం తగ్గింపు ఉన్నప్పుడు కట్టేసిండ్రు, ప్రొసీడింగ్ (మంజూరు కాగితం) చూసిన. 22-ఏల లేదు. పేపర్ జిల్లా ఎడిషన్ల 15 రోజుల పబ్లిక్ నోటీస్ ఏపిచ్చిన, ఎవ్వలు రాలే. దుబాయ్ జీపీఏ మాత్రం జగిత్యాల అన్న చెప్పినట్టే అయింది, కాన్సులేట్ సీలుంది కానీ ఇక్కడ ముద్ర ఏపియ్యలే, మూడు నెలలకు ఇంక తొమ్మిది రోజులే మిగిలింది, ఉరుకులు పరుగుల మీద చేపిచ్చిండ్రు.

నల్లకోటు | శనివారం రాత్రి 8:40

నాయనమ్మది? హక్కు విడుదల చేపిచ్చిండ్రా, ఆమెనే అమ్మకందారుగ పెట్టిండ్రా?

కేయూక్రాస్_పోరడు | శనివారం రాత్రి 9:20

ఐదుగురు అమ్మకందారులే సార్, ఒక్క సేల్ డీడే, విడుదల అని వేరే ఖర్చు లేదు. ముసలామె రాలేకపోతే సబ్‌రిజిస్ట్రార్ ఇంటికొచ్చి తీస్కునే పద్ధతి గూడ ఉందని అడిగి పెట్టుకున్నం, తీరా చూస్తే స్లాట్ టైంకంటే గంట ముందే కారు దిగింది, చేతికర్ర పట్టుకొని మెట్లు మాకంటే ముందు ఎక్కింది.

అసలు కథ అది గాదు. రాత నడుస్తుంటే పెద్దకొడుకు అన్నడు, నాయనమ్మది అక్కది పైసలు నా అకౌంట్లనే ఎయ్యి, నేను చూస్కుంట అని. డాక్యుమెంట్ రైటర్ గూడ సరే అన్నట్టే ఉన్నడు. ముసలామె ఏం రాస్తున్నరు చదువు అన్నది. చదివినంక, ఐదు వంతులంటే నా వంతు ఎంత అని అడిగింది. 5 లక్షల 12 వేల 400 అని చెప్పిన. "నా కొడుకు పైసలు, నాకే ఎయ్యి, పోస్టాఫీసుల ఖాతా ఉన్నది" అని కొంగు ముడి ఇప్పి పాస్‌బుక్ తీసింది. ఆఫీసుల ఉన్నోళ్లంత సూస్తున్నరు. ముసలామె అడిగినంక హుజూరాబాద్ అక్క గూడ మెల్లగ తన బ్యాంక్ పాస్‌బుక్ బయటికి తీసింది. నేను ఐదు ఖాతాలకు వేరే వేరేగ పంపిన, నంబర్లన్ని దస్తావేజుల రాపిచ్చిన. డ్యూటీ అంత కలిపి లక్షా 92 వేలు చిల్లర అయింది. పెద్దకొడుకు ఫోటో దిగేటప్పుడు మొఖం ముడుసుకున్నడు, అది దస్తావేజుల అట్లనే అచ్చు వడ్డది.

మానేరు_ఒడ్డు | శనివారం రాత్రి 9:31

చదువు అన్నదా ఆమె. నేను అడగలేకపోయిన చూడు ఆ ఒక్క మాట.

సైట్‌విజిట్_అన్న | శనివారం రాత్రి 10:02

కంగ్రాట్స్ తమ్మీ. మధ్యవర్తికి రెండు శాతం ఇచ్చినవా మరి, 28 మీదనా 25.62 మీదనా?

కేయూక్రాస్_పోరడు | శనివారం రాత్రి 10:10

25.62 మీదనే అన్నా, అదీ ఒక్క శాతం. ఆ పదివేల ఫోన్‌పే అండ్ల పట్టుకున్న.

పహాణీ_తాత | ఆదివారం ఉదయం 5:22

మంచిగ అయింది బిడ్డా. మ్యుటేషన్ మున్సిపాలిటీల నీ పేరు మీద పడ్డదా లేదా వారం ఆగి చూడు, ఖాళీ జాగ పన్ను రసీదుల ఆయన పేరే వస్తుంటే ఊకోకు. ఎనక గోడాయన ఇంకో ఐదడుగులు జరగకముందు నాలుగు మూలల రాతి కడీలు పాతు.

కాజీపేట_జంక్షన్ | ఆదివారం ఉదయం 10:48

హసన్‌పర్తి దిక్కు నేను గూడ ఒకటి చూస్తున్న, 150 గజాలు. తాతా, టేపు ఎంత పొడుగుది కొనాలె?